మంచులో తోబులు తొడుక్కున్న మంద

ఒట్టు పెట్టి చెబుతున్నాను. మా కురుమల దేవుడు బీరప్ప మీద ఒట్టు. మా అవ్వ వడికి మా బాపు నేసిన గొంగడి మీద ఒట్టు. ఈ దేశంలో నన్ను ఉండనిస్తున్న ఇకామా కార్డు మీద ఒట్టు. దేవుడి మీద వేసిన ఒట్టు తప్పితే ఆయన పెద్దమనసు చేసుకుంటాడేమో గాని, ఇకామా మీద వేసిన ఒట్టు తప్పితే ఎవరికి మొక్కుకోవాలో నాకు తెలియదు. కనుక ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. నా పేరు బీరయ్య, ఊరు జగిత్యాల దగ్గర. రియాద్‌లో, బతా సందుల్లోని తెలుగు మెస్సుల్లో నన్ను కోతల బీరయ్య అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళు చదువుకోవడానికే ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళు కూడా చదవొచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

మొన్నటి చలికాలంలో ఒక శుక్రవారం మెస్సులో పప్పుచారు పోసుకుంటుండగా, శ్రీకాంత్ ఫోనులో ఒక వీడియో చూపించాడు. శ్రీకాంత్ ఆర్మూరు పిల్లగాడు, కారులో పార్శిళ్ళు పంచుతాడు. తబూక్ అవతల, జబల్ అల్ లౌజ్ కొండ మీద మంచు కురిసిందట. తెల్లబడిపోయిన వాలు మీద జనం గంతులేస్తున్నారు. నేను చూసి, ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆ కొండ మీదే బతికాను, ఆ మంచులోనే గొర్రెలు కాశాను అని మామూలుగా అన్నాను. మెస్సు మెస్సంతా నవ్వింది. ఒకడికి పొలమారితే పక్కవాడు నెత్తి మీద కొట్టాడు. "మామా, అల్ ఖర్జ్‌ల ఒంటెకు సర్ది అయితె ముక్కు తుడిచిన్నంటివి, నమ్మినం. ఇది మాత్రం మాతోని కాదు," అన్నాడు శ్రీకాంత్. ఒంటె ముక్కు తుడిచిన మాట కూడా నిజమే, కాకపోతే అది వేరే కథ.

సెలవులు కలిసి రాగానే ఆ నవ్వినవాళ్ళలో ముగ్గురిని కారెక్కించాను. ఒక పగలంతా, మర్నాడు సగం పగలు ప్రయాణం. కొండ చేరేసరికి మంచు ఉంది గాని, నేనెరిగిన కొండ లేదు. కార్ల వరుస, కాఫీ బండ్లు, వాటికి రంగు దీపాలు, అద్దెకిచ్చే జారుడు చెక్కలు, లోపల వెచ్చటి గాలి ఊదే డేరాలు. శ్రీకాంత్ మంచు పిడికెట్లోకి తీసుకుని, కెవ్వుమని వదిలేసి, వేళ్ళు చంకలో పెట్టుకున్నాడు. నేను ఒక వాలు చూపించి, అదుగో ఆ రాతి వంపులో మా ఇల్లుండేది, ఆ ముందు మా దొడ్డి, అన్నాను. "ఇంగ నీ పేరు మీద కొండ గూడ రాసిచ్చిన్రా మామా?" అని ఇంకొకడు అడిగాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. మా గల్ఫు బతుకుల గురించి రాసేవాళ్ళు రాసేది ఒకే రకం: ఎండ, సిమెంటు, ఏడుపు. అవి అబద్ధమని నేననను, నేనూ మోశాను సిమెంటు. కాని మాకూ ఒక మంచు ఉండేది, దాని మీద జారాం, దానితో కొట్లాడాం, దాన్ని చూసి నవ్వాం అంటే నమ్మరెందుకు? మా వంతుకు ఎండ మాత్రమే రాసిపెట్టి ఉందా?

సరే, చెబుతాను. నన్ను పంపిన ఏజెంటు మజ్రా పని అన్నాడు, అంటే తోట పని. ఖర్జూరపు చెట్ల నీడలో పైపు పట్టుకుని నిలబడతానని నేననుకున్నాను. సంచిలో మా అవ్వ గొంగడి కుక్కింది, మా బాపు బొచ్చు కత్తెర పెట్టాడు. కురుమోడు ఎక్కడికి పోయినా ఆ రెండూ ఉండాలని ఆయన లెక్క. ఎడారికి గొంగడి మోసుకుపోతున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణేనని విమానం ఎక్కేదాకా అందరూ నవ్వారు. దిగాక నన్ను తీసుకుపోవడానికి వచ్చిన కఫీల్, అంటే నా యజమాని అబూ నాయెఫ్, నవ్వలేదు. గొంగడిని వేళ్ళతో తడిమి చూసి, పికప్ ముందు సీట్లో దాన్నీ వెనక నన్నూ పెట్టాడు. తబూక్ దాటాక దారి ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కీ ఎక్కీ, నా పళ్ళు టకటకమంటుండగా పికప్ ఆగింది. అక్కడ రెండు గదుల రాతి ఇల్లు, ముందొక మేకబొచ్చు డేరా, రాళ్ళు పేర్చి కట్టిన దొడ్డి, దొడ్డినిండా గొర్రెలు. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు.

ఒకామె అబూ నాయెఫ్ తల్లి. అందరం యుమ్మా అనేవాళ్ళం, అమ్మా అని. పిడికెడు మనిషి. గడ్డం మీద నీలం పచ్చబొట్టు చుక్కలు. చేతిలో కదురు ఎప్పుడూ తిరుగుతుండేది. నడుస్తూ వడికేది, గొర్రెల్ని అదిలిస్తూ వడికేది, కొడుకును తిడుతూ వడికేది. నమాజుకు కూర్చున్నప్పుడు మాత్రం కదురు పక్కన పడుకుని ఆమె కోసం ఎదురుచూసేది. తోలు సంచిలో ఖర్జూరాలు, నడుముకు తాళాల గుత్తి, పొద్దున పొద్దున్నే రేడియో. మనుషులతో నాలుగు మాటలు మాట్లాడితే గొర్రెలతో నలభై మాట్లాడేది. ప్రతి గొర్రెకూ ఒక పేరు, ఆ పేరుకో చరిత్ర, ఆ చరిత్రలో ఒక నింద.

రెండో ఆమె ఓబులమ్మ. రాయచోటి పక్క పల్లె. ఊళ్ళో పాదం మిషను మీద రవికలు కుట్టిన చెయ్యి. తబూక్‌లో అబూ నాయెఫ్ ఇంట్లో కద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా వచ్చి, చలికాలంలో ముసలామెకు తోడుండమని కొండ మీదికి పంపితే వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది గనుక అక్కా అన్నాను. పట్నంలో అయితే ఆ ఇంటి ఆడవాళ్ళవైపు నా నీడ కూడా పడనిచ్చేవారు కాదు. కొండ మీద యుమ్మా మధ్యలో కూర్చుంటే చాలు, ఆమెకు అటొకరు ఇటొకరు ఉండి తెలుగు మాట్లాడుకోవచ్చు. నా మొదటి రోజు, గడ్డకట్టిన నీళ్ళ తొట్టిని గునపంతో పగలగొడుతుంటే ఓబులమ్మక్క వచ్చి నిలబడింది. "ఎడారని చెప్పి ఈడ పారేసినారు సూడు అబ్బీ. ఆ ఏజెంటు గాన నా చేతికి దొరికితే, ఈ తొట్లోనే ముంచి, ఈ గునపంతోనే బయటికి తీస్తా," అంది. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. తెలుగులో తిట్టు వినపడే చోట మనిషి చావడు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కొండ మీద పెరిగే అర్అర్ చెట్టు కట్టెలు కాల్చేవాళ్ళం. ఆ పొగ ఊపిరిలోకి పోతే ఛాతీలో ఎవరో గది ఊడ్చినట్టు ఉండేది. దాని మీద నెయ్యి వాసన, మరమియా ఆకు వేసి మరిగించిన చాయ్ వాసన, వీటన్నిటి కిందా చాపలా పరచుకుని తడి బొచ్చు వాసన. తడిసిన గొర్రె వాసన కొందరికి కంపు. నాకు మా బాపు వాసన. యుమ్మా పిండి ముద్దను నిప్పుల బూడిదలో పూడ్చి రొట్టె చేసేది. తీసి, కర్రతో టపటపా కొట్టి బూడిద దులిపి, విరిచి నేతిలో పడేసేది. ఓబులమ్మక్క ఆ నేతిలోకి రాయచోటి కారంపొడి చల్లింది. మొదటిసారి యుమ్మా దగ్గి దగ్గి, మమ్మల్నిద్దర్నీ విషం పెట్టేవాళ్ళన్నది. మూడోనాటికి ఆ డబ్బా ఎక్కడ దాచావని అక్కను నిలదీసింది. బార్లీ పిండితో అక్క సంగటి గెలికితే అదీ తిన్నది. ఇది రొట్టెకు రాదు, గంజికి పోదు అని వంక పెడుతూనే రెండో ముద్ద అడిగింది.

నేనూ వడుకుతానని తెలిసిన రోజు ఆమె నవ్విన నవ్వుకు మంద బెదిరింది. మా దిక్కున ఆడవాళ్ళు వడికితే మగవాళ్ళు నేస్తారు, కాని మా అవ్వ దగ్గర కూర్చుని కదురు తిప్పడం నాకూ పట్టుబడింది. అక్కడ మాత్రం ఆ రెండు పనులూ ఆడవాళ్ళవే. మీసమున్నవాడు దారం తీయడం ఆమె పుట్టి ఎరగదు. అప్పట్నుంచి పని పడితే నన్ను "బింతీ" అని పిలిచేది. కూతురా అని. నేనేం సిగ్గుపడలేదు. పలికాను. ఆ కొండ మీద మంచి దారం తీసేది ఆమె, తర్వాత నేను, ఇందులో సిగ్గుపడవలసిన వాళ్ళెవరైనా ఉంటే మిగతా ప్రపంచం.

ఇక మంచు. మొదటిసారి చూసినప్పుడు ఎవరో పైన పత్తి ఏకుతున్నారనుకున్నాను. రెండు రోజులకే దానితో చుట్టరికం కలిసింది. మందలో కలిసి తిరిగే మేకపోతుల గడ్డాలకు నీటిబొట్లు గడ్డకట్టి, అవి నడుస్తుంటే గలగలమని మోగేవి. ఆ నెలల్లో వాటికి గంటలు కట్టే పని ఉండేది కాదు. మంచు మీద నక్క అడుగులు పట్టుకుని పోతే నక్క దొరికేది కాదు గాని అది తిని వదిలేసిన కౌజు ఈకలు దొరికేవి. కట్టెలు కొట్టుకుని, మోపు ముందు దొర్లించి, దాని వెనక నేను దొర్లుకుంటూ దిగేవాణ్ణి. అన్నిటికంటే గొప్ప ఆట సీనియా మీద. సీనియా అంటే అన్నమూ మాంసమూ కలిపి వడ్డించే పెద్ద పళ్ళెం, చుట్టూ పదిమంది కూర్చుని తినేది. దాన్లో నేను కూర్చుని కొండ వాలు మీద జారితే దొడ్డి గోడకు తగిలి ఆగేవాణ్ణి. పళ్ళేనికి సొట్ట పడిందని యుమ్మా తిట్టింది. వారం గడిచాక, చుట్టుపక్కల ఎవరూ లేరని నాలుగు దిక్కులా చూసుకుని, కదురు నాకిచ్చి, తానే పళ్ళెంలో కూర్చుని, తొయ్యమంది. తోశాను. ఆమె దొడ్డి గోడ దాకా పోయి, లేచి, బట్టలు దులుపుకుని, ఏమీ జరగనట్టు వచ్చి కదురు తీసుకుంది. తర్వాత మళ్ళీ కూర్చుంది. ఒట్టు వేశాను కదా.

ఈ ఆటలన్నిటి మీదా ఒక కత్తి వేలాడుతుండేది. అబూ నాయెఫ్ చెడ్డవాడు కాడు. వారానికోసారి పిండి, దాణా, కిరోసిన్ తెచ్చేవాడు, తల్లి చెయ్యి ముద్దుపెట్టుకునేవాడు. కాని ఆ దారి ఎక్కీ దిగీ అలిసిపోయాడు. తల్లి మోకాళ్ళు, తల్లి కళ్ళు, తల్లి మొండితనం, మూడూ ఆయనకు బరువయ్యాయి. మంద అమ్మేద్దాం, పట్నానికి వచ్చెయ్యి, మూడో అంతస్తులో నీకు గది సిద్ధంగా ఉంది అని ఆ చలికాలం మొదట్లోనే అన్నాడు. ఆ గది ఓబులమ్మక్క చూసింది. కిటికీ తీస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించదట. యుమ్మా కదురు ఆపకుండానే కొడుకుతో ఒక మాట అన్నది, ఆయన దానికి ఒప్పుకున్నాడు: మంద ఈ కొండ మీద నిలబడి ఉన్నన్నాళ్ళు తానూ ఉంటుంది. మంద లేని రోజు, మాట్లాడకుండా పోయి ఆ గదిలో కూర్చుంటుంది. అంటే గొర్రెలు ఉంటే ఆమె కొండ ఆమెది. గొర్రెలు పోతే గోడ.

అంత తెలిసీ నేను చేసిన పని వినండి. కళ్ళ పరీక్షకని అబూ నాయెఫ్ యుమ్మాను పట్నం తీసుకుపోయాడు. మంద నా చేతిలో, ఇల్లు అక్క చేతిలో. ఆ రోజుల్లోనే ఎండ కాస్త కాసింది. కొండ వంపుల్లో అడవి బాదం చెట్లు ఆకు కూడా వేయకముందే విరగబూశాయి. తెల్లగా, మధ్యలో కొంచెం ఎరుపు. జబల్ అల్ లౌజ్ అంటేనే బాదం కొండ. ఇప్పుడు నాలాంటివాడి బుర్ర ఎలా పనిచేస్తుందో చూడండి. మా ఊళ్ళో మామిడి పూసిందంటే చలి మూట కట్టుకున్నట్టే. పూత నిండుగా కనపడగానే మా బాపు కత్తెరకు పదును పెట్టేవాడు, మందకు బొచ్చు తీసేవాళ్ళం, ఎండలు ముదిరేలోగా గొర్రెకు ఒళ్ళు తేలికయ్యేది. తాతల నాటి లెక్క. చెట్టు పూసింది, ఇక చలి లేదు. నేను ఒక్కణ్ణే నిర్ణయించలేదు, అక్కనూ అడిగాను. "మా పక్క గూడా అంతే అబ్బీ, మామిడి పూస్తే దుప్పట్లు మడిచి అటక మీద పెట్టేస్తాం," అంది. తెలంగాణ, రాయలసీమ ఒక మాట మీద నిలబడ్డ సందర్భం నా ఎరుకలో అదొక్కటే. సంచిలోంచి బాపు కత్తెర తీశాను. యుమ్మా వచ్చేసరికి ఆ బొచ్చుతో దారం తీసి ఉంచాలి, ఆమెకొక గొంగడి నేసి కప్పాలి అని నా ఆశ. మంద మొత్తం గొరిగేశాను. ఎంత అందంగా గొరిగానంటే, గొర్రెలు ఒకదాన్నొకటి గుర్తుపట్టలేక వాసన చూసుకున్నాయి.

పికప్ వచ్చి ఆగింది. అబూ నాయెఫ్ దిగి మందను చూశాడు, ఆకాశాన్ని చూశాడు, నన్ను మాత్రం చూడలేదు. ఖలాస్ అన్నాడు. అయిపోయింది, ఇవి బతకవు, చచ్చేలోగా కసాయికి ఇచ్చేస్తే మేలు, లారీతో వస్తాను, అమ్మా నువ్వు బండి దిగకు, అన్నాడు. ఆమె అప్పటికే దిగింది. ఎక్కమంటే ఎక్కలేదు. ఆయన కాసేపు చూసి, లారీ కోసం ఒక్కడే వెళ్ళిపోయాడు. ఆమె నా దగ్గరికి వచ్చి కదురుతో నెత్తి మీద ఒక్కటి వేసింది. తర్వాత, ఎందుకు చేశావని అడిగింది. నేను చెయ్యెత్తి బాదం చెట్టును చూపించాను, వచ్చిన నాలుగు అరబీ ముక్కలతో మా ఊరి మామిడి సంగతి చెప్పాను. ఆమె ఆ చెట్టు వైపు చాలాసేపు చూసింది. "ఆ చెట్టుకు బుద్ధి లేదు. ప్రతి ఏడూ తొందరపడి పూస్తుంది, ప్రతి ఏడూ మంచు కొడుతుంది. మళ్ళీ ఏడు మళ్ళీ పూస్తుంది," అంది. అలా అంటున్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. అప్పుడే గాలి తిరిగింది. ఆమె మోకాళ్ళు పట్టుకుని, తల్జ్, అంది. మంచు.

మర్నాడు మధ్యాహ్నం మొదలైంది. దారి మూసుకుపోయింది. లారీ రాలేదు, అది మా అదృష్టం. మంచు ఆగలేదు, అది గొర్రెల దురదృష్టం. అవి దొడ్డి మూల ఒకదాని కిందికొకటి దూరుతూ వణుకుతున్నాయి. గదిలో సగానికి పైగా పట్టవు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఓబులమ్మక్క ఒక గొర్రె చెవి పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చి, దారప్పోగుతో దాని ఛాతీ కొలిచింది, వీపు కొలిచింది. "వీటికి నడుము అనేదే లేదు అబ్బీ, మా ఊరి సర్పంచు పెండ్లాం మాదిరి ఉండాయి. సంచులు తే," అంది. డేరాలు కుట్టే లావు సూది యుమ్మా దగ్గరుంది. బార్లీ సంచులు, బియ్యం సంచులు కత్తిరించి, రెండు పొరల మధ్య నేను గొరిగిన బొచ్చునే కూరి, బొంతలా కుట్టి, కడుపు కింద ముడి వేశాం. వాటి బొచ్చు వాటికే అప్పజెప్పాం. సంచులు అయిపోతే డేరా తలుపు పోయింది. అది అయిపోతే అక్క తన లంగాలు రెండు ఇచ్చింది. నా గొంగడి చూలుతో ఉన్న గొర్రెకు పోయింది. ఇంకా మంద మిగిలే ఉంది.

అప్పుడు యుమ్మా నడుము గుత్తిలోంచి ఒక తాళం చెవి తీసి, గోడవారనున్న ఇనప పెట్టె తెరిచింది. ఆ పెట్టె తెరవగా మేమెన్నడూ చూడలేదు. లోపల ఆమె పెనిమిటి బట్టలు. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో మాకు తెలియదు, బట్టలు మాత్రం నిన్న మడిచినట్టు ఉన్నాయి. పాదాల దాకా దిగే తెల్ల తోబులు, తలకు కప్పుకునే ఎర్ర గళ్ళ గుత్రాలు, లోపల గొర్రెతోలు వేసిన ఫర్వా కోటు. అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇవొద్దు యుమ్మా అంది. యుమ్మా మొదటి తోబు తానే చేతిలోకి తీసుకుని, తన కత్తెరతో నడుము దగ్గర రెండుగా కత్తిరించి, పై సగం అక్క ఒళ్ళో వేసింది. గొర్రె ముందు కాళ్ళకు తోబు చేతులు ఎంత చక్కగా సరిపోతాయో మీకు తెలియదు. మెడ దగ్గర గుండీలు కూడా పడ్డాయి.

మంచు రోజుల తరబడి కురిసింది. తెల్లవారి దొడ్డిలోకి పోతే, పెళ్ళికి వచ్చి ముహూర్తం కోసం చూస్తున్న పెద్దమనుషుల్లా తోబులు తొడుక్కుని నిలబడి ఉండేవి. పెద్ద పొట్టేలుకు మంచి తోబు, దాని మీద ఫర్వా, తలకు గుత్రా. అది నడక కూడా మార్చింది. మాకు సలాం చెప్పకుండా దాణా ముట్టేది కాదు. యుమ్మా దాన్ని చూసి పెనిమిటి పేరు పెట్టి పిలిచింది. బతికినంత కాలం మంద వెనకే తిరిగావు, ఇప్పుడు మందలోనే చేరావా అని తిట్టింది. తిడుతూ తిడుతూ నవ్వింది, నవ్వుతూ మొహం పక్కకు తిప్పుకుంది. ఒక ముసలి గొర్రె పోయింది. చలికి కాదు, వయసుకు అని ఆమె తేల్చింది. నేను వాదించలేదు. గొంగడి కప్పుకున్న గొర్రె ఈనింది, పిల్ల లేచి నిలబడి మొదట నా గొంగడినే చీకింది.

దారి తెరుచుకోగానే లారీ వచ్చింది. అబూ నాయెఫ్ పికప్, దాని వెనక లారీ, లారీలో కసాయి మనుషులు. వాళ్ళు దిగి దొడ్డిలోకి చూసి, నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. అబూ నాయెఫ్ నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది. నావైపు తిరిగి, యల్లా, ఎక్కించు అన్నాడు. యుమ్మా గుమ్మంలో నిలబడి కదురు తిప్పుతోంది. మంద పోతే మాట్లాడకుండా వస్తానని ఇచ్చిన మాట ఆమెకు అడ్డం. కొడుకుతో ఆమె ఒక్క ముక్క మాట్లాడదు. ఆ రోజుల్లో కఫీల్ మాట కాదన్న పనివాడు మర్నాడు ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. పాస్‌పోర్టు ఆయన పెట్టెలో, తిరుగు టిక్కెట్టు ఆయన నోట్లో. నేను ఆయన కళ్ళలోకి చూసి, "లా" అన్నాను. కాదు అని. అబూ నాయెఫ్ నా పక్కనుంచే దాటి పొట్టేలు దగ్గరికి పోయాడు. దాని మెడ దగ్గర చెయ్యి పెట్టాడు. అది వాళ్ళ నాన్న తోబు కాలరు. అక్కడే ఆగిపోయాడు. కాసేపటికి ఆ కాలరు మడత సరిచేసి, వెనక్కి తిరిగి లారీవాళ్ళను పొమ్మన్నాడు. తల్లి దగ్గరికి వచ్చి చెయ్యి ముద్దుపెట్టుకుని, చాయ్ ఇవ్వమన్నాడు.

యుమ్మా ఆ తర్వాత మూడో అంతస్తు గది ముఖం చూడలేదు. ఇంకొన్ని చలికాలాలు ఆ కొండ మీదే, ఆ మందతోనే గడిపి, ఒక ఎండాకాలం పొద్దున దొడ్డి గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా లేవలేదు. ఆ తర్వాతే మంద లారీ ఎక్కింది. ఓబులమ్మక్క రాయచోటి చేరి మళ్ళీ మిషను పెట్టుకుంది. నేను రియాద్ వచ్చి పైపులు బిగించే పనిలో పడ్డాను.

ఇప్పుడు అదే వాలు మీద శ్రీకాంత్ అద్దె చెక్క మీద జారుతూ ఫోను పట్టుకుని తనను తానే చూసుకుంటున్నాడు. వాణ్ణి తప్పు పట్టను. జారడం ఎవరికైనా బాగుంటుంది. కాని మంచు ఇప్పుడు చూడవలసిన వస్తువైంది. అప్పుడది ఇంట్లో మనిషి, దానికి వాటా పెట్టాలి, దాని కోపం కాయాలి. ఆ కొండ మీద ఇప్పుడు కదురు తిప్పేవాళ్ళు నాకెవరూ కనపడలేదు. అంతెందుకు, మా ఊళ్ళో కూడా బొచ్చు లేని గొర్రెలొచ్చాయి, మాంసానికి పనికొచ్చేవి. గొంగళ్ళు నేసే మగ్గం మా ఇంటి వెనక కట్టెల్లో కలిసింది. అయినా నేను ఏడ్వను. నేను వడికిన దారం వడికాను, గొరిగిన మంద గొరిగాను. మళ్ళీ ఆ వయసిచ్చి, ఆ కత్తెరిచ్చి, ఆ చెట్టు పూస్తే మళ్ళీ గొరుగుతాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

ఇంతవరకు రాసి ఓబులమ్మక్కకు ఫోను చేశాను. మొత్తం చదివి వినిపించాను. పళ్ళెంలో జారిన యుమ్మా దగ్గర ఆమె నవ్వి నవ్వి దగ్గింది, లారీ దగ్గర మాత్రం ఆపమంది. "అబ్బీ, దేవుని మీద ఒట్టు పెట్టి రాసినావే. ఆ మాట యెవురన్నారో చెప్పు," అంది.

కాబట్టి ఒప్పుకుంటున్నాను. తోబులు నిజం, పొట్టేలు సలాం దాదాపు నిజం, పళ్ళెం నిజం. కల్పించింది ఆ ఒక్క మాట. "లా" అన్నది నేను కాదు. యల్లా అనగానే నేను తల దించుకుని, మొదటి గొర్రె మెడకు తాడు వేసి, లారీ దాకా లాక్కుపోయాను. దారికి అడ్డంగా వచ్చి నిలబడింది ఓబులమ్మక్క. ఇన్నేళ్ళుగా మెస్సుల్లో ఆ మాట నా నోట్లో పెట్టుకుని తిరిగాను. నీ మాట నీకే ఇచ్చేస్తా అక్కా, లా అన్నది ఓబులమ్మ అనే రాస్తా, అన్నాను.

"నేను లా అనల్యా," అంది అక్క. "నాకు ఆ బాస అంత బాగా యాడ వచ్చును? తెలుగులోనే అన్నా. ఆ గుడ్డలు నేను కుట్టినవి, ముందు అవి ఇప్పి ఈడ పెట్టు, ఆనెక గొర్రెల్ని తోలుకపో అన్నా. గుండీలు ఇప్పినట్ల చెయ్యి చూపిస్తి. ఆయప్ప ఇప్పనీకే పోయినాడు పొట్టేలు కాడికి. వాళ్ళ నాయన గుండీ మీద చెయ్యి పెట్నాడు. ఇప్పల్యాకపాయ."